ఆకు అడ్డం

నందులరేవు పురపాలక సంఘం కమిషనర్ చక్రధర్ గారికి పక్షుల మీద ప్రేమ పుట్టడానికి కారణం సుభద్ర తీసిన ఒక ఫొటో. ఈ సంగతి తలుచుకుంటే ఆవిడకి మొదట్లో గర్వంగానే ఉండేది. తరవాత తరవాత ఆ ఫొటో తీసిన తన చేతిని తనే తిట్టుకునేది.

సుభద్ర జాకెట్లు కుడుతుంది. వాళ్ళ వీధి వాళ్ళే కాదు, కాలవ అవతల పేట ఆడవాళ్ళు కూడా గుడ్డ పట్టుకుని ఆవిడ దగ్గరకే వస్తారు. చంకలో బిగుతు లేకుండా, మెడ జారకుండా కుట్టడంలో ఆవిడకి పేరుంది. మిషను వంటింటి కిటికీ పక్కన వేసుకుంది. వెలుతురు బాగుంటుంది, ఒక కన్ను పొయ్యి మీద వేసి ఉంచవచ్చు అని అక్కడ పెట్టింది గానీ, కిటికీ బయటే జామచెట్టు ఉండడంతో రెండు కళ్ళూ చాలకుండా పోయాయి. ఆ చెట్టు మీద వాలని పిట్ట లేదు. పొద్దున్నే గోరింకలొచ్చి తగాదా పెట్టుకునేవి. పండు మగ్గిన వాసన తగిలితే చాలు, నెత్తిన నల్ల కుచ్చు, తోక కింద ఎర్ర రుమాలు వేసుకుని పిగిలిపిట్టలు దిగేవి. మధ్యాహ్నం వేళ జెముడుకాకి ఒకటి పిట్టగోడ మీద తనిఖీకి వచ్చినట్టు అటూ ఇటూ నడిచేది.

ఫోనుతో వాటిని ఫొటో తీద్దామంటే ఇవతల చెయ్యి కదిలినా ఎగిరిపోయేవి. సుభద్రకి కోపం వచ్చింది. నల్ల లైనింగు గుడ్డ ఒకటి కిటికీకి తెరలా కట్టి, మధ్యలో ఫోను కన్ను పట్టేంత చీలిక పెట్టి, అంచు చిరగకుండా కాజా కుట్టింది. ఇక పిట్టలకి ఆవిడ కనపడదు, ఆవిడకి పిట్టలు కనపడతాయి. చేతులకి కుట్టు, కళ్ళకి పిట్టలు. ఇంతకంటే ఏ మనిషికైనా ఏం కావాలి?

ఆవిడ భర్త మల్లేశ్వరరావు పురపాలక సంఘంలోనే పన్నుల సెక్షన్లో గుమస్తా. ఎవరైనా గట్టిగా తుమ్మినా "సారీ అండి" అనే మనిషి. ఒకరోజు టీ వేళ, జామపండుకి ముక్కు ఆనించిన పిగిలిపిట్ట ఫొటోని పక్క సీటాయనకి చూపిస్తుంటే, వెనకనుంచి కమిషనర్ గారు తొంగి చూశారు.

"ఏమిటది మల్లేశ్వరరావ్?"

"పిగిలిపిట్టండి. మా ఆవిడ తీసిందండి, వంటింటి కిటికీలోంచి. సారీ అండి."

"కిటికీలోంచా!" అన్నారు కమిషనర్ గారు. ఆయన కళ్ళలో ఒక వెలుగు కనిపించింది. ఆఫీసు మొత్తానికీ గుండెల్లో రాయి పడింది, ఎందుకంటే ఆ వెలుగు వాళ్ళకి కొత్త కాదు. అంతకు ముందు అది వచ్చినప్పుడు సిబ్బంది అంతా రోజూ పొద్దున్నే వరసగా నిలబడి నవ్వవలసి వచ్చింది. సరిగ్గా నవ్వని వాళ్ళకి మెమోలు వెళ్ళాయి. మెమో చదివి నవ్వినవాడికి ఇంకో మెమో వెళ్ళింది.

వారం తిరక్కుండా "కిటికీ కిలకిల" పథకం వచ్చింది. ప్రారంభోత్సవ సభలో కమిషనర్ గారు మైకు ముందు నిలబడి, "పక్షిని గౌరవించని పట్టణం ప్రగతిని సాధించజాలదు. కావున ఈ పట్టణంలోని ప్రతి గృహస్థుడూ ప్రతి దినమూ తన కిటికీ ద్వారా ఒక పక్షిని దర్శించి, ఛాయాచిత్రం తీసి, యాప్‌లో నిక్షిప్తం చేయవలెనని, తద్వారా పట్టణాన్ని నూటికి నూరు శాతం పక్షి సంతృప్త స్థాయికి తీసుకువెళ్ళడానికి యుద్ధప్రాతిపదికన చర్యలు చేపట్టడమైనదని తెలియజేస్తున్నాను" అన్నారు. ఆ వాక్యం ముగిసేసరికి వేదిక మీద ఎగరేయడానికి తెచ్చిన పావురాలు పంజరంలోనే నిద్రపోయాయి.

మార్గదర్శకాలు కరపత్రంగా వేసి ఇంటింటికీ పంచారు. ఫొటోలో పక్షి ముక్కు నుంచి తోక దాకా పూర్తిగా కనపడాలి. బయటికి వెళ్ళి తీసి మోసం చేయకుండా కిటికీ చువ్వ ఒకటైనా ఫొటోలో పడాలి. పక్షికి అంతరాయం కలుగుతుంది కాబట్టి ఎవరూ బయట నిలబడి పక్షిని చూడరాదు. వెంటిలేటర్ కిటికీయేనా, తలుపు సందు లెక్కకి వస్తుందా అని జనం అడిగి ప్రాణం తీస్తుంటే, నిర్వచనం కూడా ఇచ్చారు: కిటికీ అనగా గృహస్థు లోపల కూర్చుని వెలుపలి పక్షిని చూచుటకు వీలైన, గోడలోని ఖాళీ.

ఫొటో పెట్టని ఇంటి ముందు చెత్తబండి ఆగదని కరపత్రం చివర్లో చిన్న అక్షరాల్లో ఉంది.

నందులరేవు జనానికి అంతవరకూ పక్షులతో పేచీ లేదు. ఇప్పుడు మొదలైంది. పొద్దున్నే పక్కింటి భూషణమ్మ గోడ మీదనుంచి కేకేసింది.

"సుభద్రా, ఏవమ్మా, మా గోరింకని నువ్వెలా ఎక్కించేవే? ఆ ఒంటికాలిది రోజూ మా పెంకుల మీదే కదా వాలేది?"

"అది జామచెట్టు మీద కూచుందండి పిన్నిగారూ. నేనేం పిలవలేదు."

"పండు చూపించి లాక్కోడం పిలవడం కాదేటి? రేపట్నించీ దాన్ని నాకొదిలెయ్. మా ఇంటి ముందు చెత్తబండి ఆగి నాలుగ్రోజులయ్యింది."

భూషణమ్మ కష్టం తీరే దారి ఆవిడకి తెలియకుండానే వచ్చింది. బండి రాకపోయేసరికి ఇంటి ముందు చెత్త పోగుపడింది. చెత్త పోగుపడేసరికి కాకులు వచ్చాయి. భూషణమ్మ కిటికీలోంచి ముక్కు నుంచి తోక దాకా కాకిని తీసి పెట్టింది. మర్నాడు బండి వచ్చి చెత్త ఎత్తుకుపోయింది. ఆ మర్నాడు కాకి రాలేదు. ఊరు సగం ఇలాగే రోజు మార్చి రోజు నడిచింది. ఇది గమనించిన కమిషనర్ గారు చెత్తబండి పనితీరు వల్ల పక్షుల సంఖ్య తగ్గుతోందని ఆరోగ్య విభాగానికి నోటీసు ఇచ్చారు.

కొందరు కోడిని పెట్టారు. కోడి పక్షియా కాదా అని పైకి రాశారు. కోడి పక్షియే గానీ పశుసంవర్ధక శాఖ పరిధిలోనిది, కాబట్టి పరిగణించలేమని జవాబు వచ్చింది.

ఇవన్నీ ఒక ఎత్తు, యాప్ పెట్టిన పేచీ ఒక ఎత్తు. ఊళ్ళో ఎవరు ఫొటో పెట్టినా సగానికి సగం తిరస్కరించి, కింద ఎర్ర అక్షరాల్లో "ఆకు అడ్డం" అని చూపించేది. పిట్టలన్నాక చెట్ల మీద ఉంటాయి, చెట్లన్నాక ఆకులుంటాయి. రెక్క మీద ఒక ఆకు నీడ పడినా సరే, ఆకు అడ్డం. తోక చివర ఒక చిగురు తగిలినా సరే, ఆకు అడ్డం. కమిషనర్ గారి సమీక్షలో, ఇది చూసి పథకం ఎత్తుకున్న రాష్ట్రంలోని ఊళ్ళన్నిటిలోకీ నందులరేవే అట్టడుగున కనిపించింది. పట్టణాలకి మార్కులు వేసే పురస్కార కమిటీ చూస్తే నెల లోపలే వస్తోంది. ఆయన రోజంతా భోజనం మానేసి ఆలోచించి, సాయంత్రానికి ఒక నిర్ణయం ప్రకటించారు.

ఆ నిర్ణయం పేరు "దృశ్య అవరోధ నిర్మూలన". అంటే, కిటికీలోంచి పక్షి కనపడకుండా అడ్డొచ్చే చెట్లన్నిటినీ కొట్టేయాలి.

మరి పక్షులు ఎక్కడ వాలాలి అని ఎవరో సందేహం వెలిబుచ్చారట. దానికీ ఏర్పాటు ఉంది. ప్రతి కిటికీ ముందూ గోధుమరంగు వేసిన ఇనప పైపుతో ఒక "పక్షి ఆసనం" పాతుతారు. చెట్టుకొమ్మలాగే వంకర ఉంటుంది. ఆకులు మాత్రం ఉండవు.

రంపాల చప్పుడు స్టేషను వైపు నుంచి మొదలై ఒక్కో వీధే తినుకుంటూ వచ్చింది. సరిగ్గా అప్పుడే సుభద్ర జామచెట్టుకి ఒక కొత్త చుట్టం వచ్చింది. దర్జీపిట్ట. బొటనవేలంత ఉంటుంది, నిక్కపొడుచుకున్న తోక, తుప్పురంగు నుదురు. ముక్కుతో ఆకు అంచున బెజ్జం పెట్టి, సాలెగూటి దారం, దూదిపోగు అందులోంచి లాగి, రెండాకులు దగ్గరికి చేర్చి కుట్టేస్తుంది. లోపల మెత్తగా దూది పరుచుకుంటుంది. సుభద్ర మిషను తొక్కడం ఆపేసి నోరు తెరుచుకుని చూసింది. తను పుట్టి బుద్ధెరిగాక ఇంత సన్నని కుట్టు చూడలేదు. తర్వాత చూస్తే ఆ కుట్లలో తన మిషను కింద రాలిన ఎర్రదారం ముక్క కూడా ఉంది. ఆవిడకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకో ఆవిడకే తెలియదు, కానీ ఆ రోజు కుట్టిన జాకెట్లన్నీ బ్రహ్మాండంగా కుదిరాయి.

ఆ ఆకుల సంచిలో ఇప్పుడు పిల్లలు లేచాయి. ఇంకా కళ్ళు తెరవలేదు. తల్లీ తండ్రీ పురుగుల్ని తెచ్చి నోట్లో కుక్కి మళ్ళీ పరుగు. వాటికి రెక్కలు వచ్చేదాకా ఆ చెట్టు నిలబడాలి. సుభద్రకి కావలసింది అంతే.

లోవరాజు వచ్చాడు. వార్డు పారిశుధ్య కార్యదర్శి, పక్షుల పని అదనపు బాధ్యత. కూడా ఇద్దరు మనుషులు, ఒక రంపం. బయట నిలబడి చూడకూడదన్న నిబంధన అతనికీ వర్తిస్తుంది కాబట్టి లోపలికి వచ్చి కిటికీ దగ్గర కూర్చున్నాడు.

"అక్కగారూ, చెట్టు తీసెయ్యాలండి. ఏవనుకోకండి."

"తీయడానికి వీల్లేదు లోవరాజూ. అదిగో, గూడుంది. పిల్లలున్నాయి."

లోవరాజు కాజాలోంచి చూశాడు. "గూడేదండి? ఆకే కదండి అది!"

"ఆ ఆకే గూడు. కుట్టుకుంది అది."

అతను ఫొటో తీసి యాప్‌లో పెట్టాడు. కాసేపు గిర్రున తిరిగి యాప్ చెప్పింది: పక్షి లేదు. ఆకు అడ్డం.

"చూసేరా అక్కగారూ? గూడు అన్న ముక్కే రావట్లేదండి. నాకు మాత్రం సరదాటండి? పైనుంచి గంట గంటకీ ఫోనండి. వీధిలో మిగిలింది ఇదొక్కటేనండి."

"ఒక్కటేంటి? రైసుమిల్లు గోడవతల వేపచెట్టు నవనవలాడుతూ ఉంది కదా?"

"దానికి అడ్డేటండి? మిల్లుకి ఆ వైపు కిటికీ లేదండి. కిటికీ లేపోతే ఆ చెట్టు మా లెక్కలోకి రాదండి. కిటికీ ముందున్న చెట్టునే తియ్యమన్నారండి."

సుభద్ర కొంగు బిగించి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. లోవరాజు తల గోక్కుని కమిషనర్ గారికి ఫోను చేశాడు. విషయం తన గుమస్తా ఇంటిది కావడం, పథకానికి మూలమైన కిటికీ కూడా అదే కావడం వల్ల, కమిషనర్ గారు స్వయంగా విచ్చేశారు. వెనకాలే మల్లేశ్వరరావు, జీపులోంచి దిగుతూనే చెమటలు తుడుచుకుంటూ.

కమిషనర్ గారు కుట్టుమిషను పక్క కుర్చీలో కూర్చుని, కాఫీ తాగి, కాఫీ బాగుందని చెప్పి, గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, మీ భావోద్వేగాన్ని పురపాలక సంఘం అర్థం చేసుకుంటుంది. కానీ మీరు ఒక గూడును చూస్తున్నారు. నేను పట్టణాన్ని చూస్తున్నాను. పాలనలో స్థూలదృష్టి అవసరం. ఒక్క గూడు కోసం సమస్త పక్షిజాతి సంక్షేమాన్ని పణంగా పెట్టలేం కదా?"

"మరి చెట్లన్నీ కొట్టేస్తే పక్షిజాతి ఎక్కడుంటుందండీ?"

"ఆసనాలు ఇస్తున్నాం కదమ్మా."

"ఎండకి ఆ పైపు కాలిపోతోందండీ. నిన్న భూషణమ్మగారింటి ముందు కాకి వాలి, వాలిన కాలితోనే లేచిపోయింది."

"అవి ప్రారంభ ఇబ్బందులు. మానవతా దృక్పథంతో పరిశీలించి, తొలగింపును రేపు ఉదయానికి వాయిదా వేస్తున్నాను." లేచి, గుమ్మం దగ్గర ఆగి, మల్లేశ్వరరావు భుజం మీద చెయ్యి వేశారు. "మన ఉద్యోగి ఇల్లే చెట్టు తీయని ఇళ్ళ ఎర్ర జాబితాలో ఉంటే బాగుండదు. మీరు నచ్చజెప్పండి."

జీపు వెళ్ళిపోయింది. మల్లేశ్వరరావు నచ్చజెప్పడానికి నోరు తెరిచాడు. భార్య మొహం చూసి మూసేశాడు. కాజాలోంచి బయటికి చూశాడు. పెళ్ళయ్యాక ఆ కిటికీలోంచి అతను సావకాశంగా చూడడం అదే మొదటిసారి. ఆకుల సంచి అంచున మూడు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి, పసుపుపచ్చగా.

"అన్నీ నోళ్ళే కదే" అన్నాడు.

"ఏవండీ, లోవరాజు ఏవన్నాడో విన్నారా? కిటికీ లేకపోతే చెట్టు వాళ్ళ లెక్కలోకి రాదట."

"అయితే?"

"అయితే మనకి కిటికీ లేదు."

మల్లేశ్వరరావుకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "మరి నీ వెలుతురు? నీ కుట్టు? నీ పిట్టలు?"

సుభద్ర గుడ్డలు కత్తిరించే పెద్ద చెక్కబల్ల పైపలక ఊడదీయమంది. మేకులు కొడితే తల్లిపిట్ట బెదిరి వెళ్ళిపోతుందని సుత్తి ముట్టుకోనివ్వలేదు. ముందుగదిలో తలుపు వేసుకుని మల్లేశ్వరరావు పలక అంచుల్లో బెజ్జాలు పెట్టాడు. తొందరలో కొలత తప్పి, ఒకటి సరిగ్గా మధ్యలో పెట్టాడు.

"సారీ" అన్నాడు.

"ఫర్వాలేదు, గుడ్డ కుక్కుదాం" అంది సుభద్ర.

నల్లతెర విప్పేసి, పలకని కిటికీకి ఆనించి అతను పట్టుకుంటే, ఆవిడ దబ్బనంలోకి గోనెదారం ఎక్కించి, బెజ్జంలోంచి దూర్చి, చువ్వ చుట్టూ తిప్పి, లాగి, మళ్ళీ దూర్చి, చప్పుడు కాకుండా కుట్టుకుంటూ పోయింది. చివరి కుట్టు పడేముందు ఒక్కసారి సందులోంచి చూసింది. దర్జీపిట్ట గూటి అంచున కూర్చుని ఈ కుట్టు వంక తల వంచి చూస్తోంది. సుభద్ర దారం లాగి ముడివేసింది. వంటిల్లు చీకటైపోయింది. ఆవిడ పొయ్యి పక్కన కూలబడి కాసేపు ఏడ్చింది. తర్వాత లేచి, కుట్లు కనపడకుండా పలక మీద సున్నం రాసింది.

పొద్దున లోవరాజు వచ్చి చూశాడు. గోడ చూశాడు. సున్నం ఇంకా తడిగా ఉంది. అతని వేలికి అంటుకుంది. వేలు చూసుకున్నాడు, సుభద్ర మొహం చూశాడు, ట్యూబులైటు కింద మిషను చూశాడు. ఫోను తీశాడు.

"సార్, ఇక్కడ కిటికీ లేదండి... అదేనండి, నిన్న మీరు కాఫీ తాగిన ఇల్లేనండి... కూచుని చూసేనండి సార్, ఏ పక్షీ కనపట్లేదండి. నిర్వచనం ప్రకారం ఇది కిటికీ అవ్వదండి."

ఆ నిర్వచనం కమిషనర్ గారు స్వహస్తాలతో రాసింది. దాన్ని కాదంటే, ఊళ్ళో అప్పటిదాకా దాని ప్రకారం కొట్టిన చెట్లన్నీ ఏమవుతాయి?

"ఆధారం ఉండాలి. ఫొటో ఎక్కించు" అన్నారు చివరికి.

లోవరాజు తెల్లగోడని ఫొటో తీసి పెట్టాడు. అతని ఫోనులో ఇన్నాళ్ళకి మొదటిసారి యాప్ పచ్చరంగులోకి తిరిగింది: అవరోధం లేదు. ఫొటో స్పష్టంగా ఉంది. ధన్యవాదాలు.

ఇల్లు "కిటికీ రహిత గృహం"గా నమోదైంది. జామచెట్టు మిగిలింది. లోవరాజు వెళ్ళేముందు గుమ్మంలో ఆగి, "సున్నం ఇంకో పూత వేయించండక్కగారూ, ఆ మూల దారం కనపడతాంది" అని చెప్పి వెళ్ళాడు.

ఇక ఊళ్ళో సంగతి. కాలే పైపు మీద ఏ పిట్టా వాలలేదు. చెట్లు లేని ఊళ్ళోంచి ఉన్న పిట్టలు కూడా మాయమయ్యాయి. కమిటీ వచ్చే రోజు దగ్గర పడుతుంటే కమిషనర్ గారు మల్లేశ్వరరావుని పిలిచి, ఆ పిగిలిపిట్ట ఫొటో తన ఫోనుకి పంపమన్నారు. దాన్ని ఫ్లెక్సీ మీద వేయించి, ఆకులు చెరిపించి, అట్టముక్కకి అతికించి కత్తిరించి, ప్రతి ఆసనం మీదా ఒకటి తీగతో కట్టించారు. యాప్‌కి ఇంత నచ్చిన పక్షి ఇంకోటి లేదు. కదలదు, ముక్కు నుంచి తోక దాకా కనపడుతుంది, ఎంతసేపైనా ఆగుతుంది. ఊరు మొత్తం నూటికి నూరు శాతం పచ్చరంగైపోయింది. చెత్తబండి అందరి ఇళ్ళ ముందూ ఆగింది. భూషణమ్మ తన వాటా పిగిలిపిట్టకి రోజూ పొద్దున్నే దుమ్ము దులిపేది.

రాజధాని నుంచి పురస్కార కమిటీ వచ్చింది. నిబంధన తమకూ వర్తించాలన్న నిజాయితీతో అధ్యక్షురాలు మేడమ్ కారు దిగకుండా, కారు కిటికీలోంచే, నల్లద్దంలోంచే పట్టణం చూశారు.

"వెరీ గుడ్! ప్రతి ఇంటికీ ఒక బుల్బుల్! ఎంత డిసిప్లిన్‌గా కూర్చున్నాయండీ!"

"శిక్షణ ఇచ్చాం మేడమ్" అన్నారు కమిషనర్ గారు.

అంతా సవ్యంగానే జరిగిపోయేది. సుభద్ర వీధి మలుపు దగ్గర మేడమ్ గాలి కోసం అద్దం దించారు. దించేసరికి ఒకటే గోల. ఊళ్ళో నిలవనీడ లేని గోరింకలు, పిచ్చుకలు, చిలకలు, పిగిలిపిట్టలు, ఎక్కడెక్కడివో అన్నీ, మిల్లు వేపచెట్టు చాలక, వీధిలో మిగిలిన ఆ ఒక్క జామచెట్టు మీదా ఇరుక్కుని కాపరం పెట్టాయి. ఒకదాని పిల్లల మీద ఒకటి అరుస్తున్నాయి.

"ఆ సౌండ్ ఏమిటి?"

కమిషనర్ గారు రికార్డింగ్ అనబోయి, మేడమ్ అప్పటికే కారు దిగడంతో ఆపుకున్నారు. అందరూ సుభద్ర వంటింట్లోకి వచ్చారు. గోల గోడలోంచి వస్తోంది. మేడమ్ గోడకి చెవి ఆనించి విన్నారు. ఆవిడ మొహం, ఎవరూ చూడడం లేదనుకున్నప్పుడు మనుషుల మొహం ఎలా ఉంటుందో అలా అయిపోయింది.

"ఎన్ని ఉన్నాయో! బయటికెళ్ళి చూద్దామా?"

"బయట నిలబడి చూడరాదు మేడమ్. పక్షికి అంతరాయం" అన్నారు కమిషనర్ గారు వినయంగా. "పైగా ఇవి పథకం కింద నమోదు కాని పక్షులు. అనధికారికంగా ఉంటున్నాయి."

"వినడానికి మార్కులున్నాయా?" అని మేడమ్ తన సహాయకుణ్ణి అడిగారు. అతను కాగితాలు తిరగేసి, చూడడానికే ఉన్నాయన్నాడు.

మేడమ్ పలక మీద చెయ్యి వేశారు. గోరు సున్నంలో దిగి గోనెదారానికి తగిలింది. "ఇది చెక్కలా ఉందే. తీసేస్తే?"

సుభద్ర ఒక అడుగు ముందుకు వేసింది. గూట్లో పిల్లలు రెక్కలు కొట్టుకోవడం మొదలుపెట్టాయని చప్పుడుని బట్టి ఆవిడకి తెలుసు. ఇంకో రెండు మూడు రోజులు ఆగితే చాలు. అప్పుడు, ఉద్యోగంలో చేరిన్నాటినుంచీ అధికారి ముందు నోరెత్తని మల్లేశ్వరరావు నోరెత్తాడు.

"తీస్తే ఇది కిటికీ అవుతుందండి. కిటికీ అయితే చెట్టు అవరోధం అవుతుందండి. అవరోధం అయితే చెట్టు కొట్టాలండి. కొడితే ఈ చప్పుడు ఉండదండి." ఒక్క క్షణం ఆగాడు. అలవాటైన "సారీ అండి" అంటాడని సుభద్ర చూసింది. అనలేదు.

గోడ వెనక గోరింకలు తగాదా ఆపలేదు. మేడమ్ పలక మీద చెయ్యి అలాగే ఉంచి కమిషనర్ గారి వంక చూశారు, మల్లేశ్వరరావు వంక చూశారు, వాచీ చూసుకున్నారు.

"లంచ్ ఎక్కడ?" అన్నారు.

మర్నాటికల్లా నందులరేవుకి రాష్ట్రంలో ప్రథమ పురస్కారం వచ్చింది. ఆ మర్నాడే కమిషనర్ గారు సిబ్బందికి తలా ఒక ఫ్రేము కట్టిన పటం పంచారు. పటంలో పిగిలిపిట్ట, ఆకులు లేకుండా. పైన పురస్కారం పేరు, కింద "ఛాయాచిత్రం: పురపాలక సంఘం" అని బంగారు అక్షరాలు. మల్లేశ్వరరావు దాన్ని చంకలో పెట్టుకుని దొంగలా ఇంటికి వచ్చాడు.

"ఎక్కడ తగిలించమంటావు?"

సుభద్ర పటం వంక చూసింది. జామపండు కూడా చెరిపేశారు. ఆ పిట్ట ఏం తింటున్నట్టో తెలియకుండా గాలిలోకి ముక్కు పెట్టుకుని ఉంది. కోపం రావలసింది, నవ్వొచ్చింది.

"ఆ పలక మీదే. సరిగ్గా మధ్యలో" అంది.

అతను తగిలించాక, ఆవిడ దగ్గరికి వెళ్ళి పటాన్ని కొంచెం పక్కకి జరిపి, వెనక అతను కొలత తప్పి పెట్టిన బెజ్జంలోంచి గుడ్డ ఊడలాగింది. సన్నటి వెలుగు వచ్చి మిషను మీద పడింది. అందులో ఫోను కన్ను పట్టదు. ఒక్క మనిషి కన్నే పడుతుంది. ఆవిడ కన్ను ఆనించింది.

ఎదురుగా పండు మీద పిగిలిపిట్ట, మొహమంతా గుజ్జు పూసుకుని. దానికి కాస్త పక్కన ఆకుల సంచి. కుట్లు ఎక్కడా వీడలేదు. సంచి అంచున మూడు దర్జీపిట్ట పిల్లలు ఇరుక్కుని నిలబడి కిందికి చూస్తున్నాయి. తల్లి ఎదుటి కొమ్మ మీదనుంచి ఒకటే పిలుపు. మొదటిది ఎగిరింది. రెండోది ఎగరలేదు, పడింది, పడుతూ పడుతూ ఎగిరింది. మూడోది కదలనని మొండికేసింది.

"ఏవయ్యింది? నన్నూ చూడనీ" అన్నాడు మల్లేశ్వరరావు వెనకనుంచి.

"ఉండండి. ఇంకోటుంది" అంది సుభద్ర, కన్ను తియ్యకుండా.